అక్టోబరు గాలివానకు ముందే: ఉద్దానం డయాలసిస్ కుటుంబాల వినతిపత్రం

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి,

ఉద్దానం గ్రామాల్లో డయాలసిస్ మీద ఉన్నవారి కుటుంబాల తరఫున సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: తుపానుకు కరెంటు పోయే రోజుల కోసం కిడ్నీ రోగులున్న ఇళ్లకు ముందుగా చేయించవలసిన ఏర్పాట్లు.

గౌరవనీయులైన కలెక్టరు గారూ,

మేం కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వాళ్లం. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య మా ఊళ్లు. గాలివాన మాకు కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాయి. తిత్లీ మాత్రం మా నెత్తి మీదుగానే దాటింది. ఐదేళ్లలో మూడు తుపాన్లు, మూడూ ఆ రెండు తేదీల్లోనే. 2021లో గులాబ్ ఇంకా ముందే, సెప్టెంబరు 26న వచ్చేసింది. అందుకే అందరూ కేలండరు తిప్పి దసరా ఎప్పుడు పడిందని చూస్తే, మా ఇళ్లలో అక్టోబరు రెండో వారంలో డయాలసిస్ ఏ రోజు పడిందని చూస్తాం.

తుపాను కబురు రాగానే ఊళ్లో మైకు తిరుగుతుంది. ఫోన్లు చార్జింగు పెట్టుకోండి, టార్చిలైట్లు దగ్గర ఉంచుకోండి, నీళ్లు పట్టుకోండి, నాలుగు రోజులకు సరిపడా తిండి చూసుకోండి అంటారు. మంచి మాటలే. ఒక్కదాన్నీ మేం పెడచెవిన పెట్టలేదు. కానీ మైకులో చెప్పే ఇల్లు వేరు, మా ఇల్లు వేరు. కరెంటు పోతే మామూలు ఇంట్లో చీకటి పడుతుంది, ఉక్కపోస్తుంది, ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయి. మా ఇంట్లో మనిషి ఒంట్లో నీరు చేరడం మొదలవుతుంది. ఆ నీటిని తోడే యంత్రం ఇంట్లో లేదు, ఆసుపత్రిలో ఉంది. దానికి కరెంటు కావాలి, శుద్ధి చేసిన నీళ్లు కావాలి, అక్కడికి చేరడానికి మాకు రోడ్డు కావాలి. ఈ మూడింటిలో ఒక్కటీ మా చేతిలో లేదు. గడప లోపల చేయగలిగినవన్నీ చేసుకుంటున్నాం. గడప అవతలివి మీరు చేయించాలని అడగడానికే ఈ కాగితం.

ఇది రాస్తున్న నేను ముందు తిత్లీ నాటి సంగతి ఒకటి చెప్పి, తర్వాత కోరికలకు వస్తాను. ఆ రోజు గురువారం. మా ఆయనకు సోమవారం, గురువారం డయాలసిస్. బుధవారం రాత్రే కరెంటు తీసేశారు. తెగిన తీగ తగిలితే ప్రాణం పోతుంది గనక తీసేయడమే సరైన పని, దానికి మేం తప్పు పట్టడం లేదు. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తుపాను తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. మాకు ఆ లెక్క తెలీదు. తోటలో చెట్టు విరిగిన చప్పుడల్లా ఇంట్లో కూచుని లెక్కపెట్టాం, కాసేపటికి మానేశాం. తెల్లారి తలుపు తీస్తే వీధి కనపడలేదు. స్తంభాల మీద చెట్లు, చెట్ల మీద స్తంభాలు.

గురువారం అలా పోయింది. శుక్రవారం కుర్రాళ్లు గొడ్డళ్లు పట్టుకుని దారి చేయడానికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చారు. శనివారానికి మా ఆయన కాళ్లు ఉబ్బాయి. చీలమండ పైన బొటనవేలితో నొక్కితే సొట్ట పడేది. శనివారం పొద్దున అది అయిదు లెక్కపెట్టేసరికి పూడింది, సాయంత్రానికి పదిహేను దాటినా పూడలేదు. ఫోను చచ్చిపోయింది, అడగడానికి డాక్టరు లేడు. మాకు ఇంకెంత వ్యవధి ఉందో ఆ సొట్టను చూసే అంచనా వేసుకున్నాం. ఆ రాత్రి ఆయన పడుకుంటే ఊపిరి అందక గోడకు దిళ్లు ఆనించి కూచోబెట్టాం. మా అత్తగారు తెల్లార్లూ తాటాకు విసనకర్రతో విసురుతూనే ఉన్నారు.

ఆదివారం ఊరి చివరిదాకా నులకమంచం మీద మోసుకెళ్లి, అక్కణ్నించి మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూచోబెట్టి ఒక డయాలసిస్ కేంద్రానికి చేర్చాం. అక్కడ యంత్రం ఉంది, నర్సమ్మ ఉంది, జనరేటరూ ఉంది. డీజిలు అయిపోయిందన్నారు. మాతో వచ్చిన కుర్రాళ్లు తిరిగి తిరిగి, చివరికి ఒక జీడిపిక్కల కర్మాగారం వాళ్లను బతిమాలి రెండు డబ్బాలు తెచ్చి పోస్తే యంత్రం తిరిగింది. ఆయన బతికారు. ఈ కాగితంలో తేదీలన్నీ సరిచూసింది ఆయనే. రెండు డబ్బాల డీజిలు సంగతి తప్పకుండా రాయమన్నదీ ఆయనే.

ఇంకో సంగతి కూడా అధికారులు తెలుసుకోవాలి. తుపాను మర్నాడు మా ప్రాంతంలో కుళాయి రాదు, మోటారు తిరగదు, మంచినీళ్ల క్యాను రాదు. కళ్ల ముందు మాత్రం వేల కొబ్బరికాయలు పడి ఉంటాయి. ఊరు ఊరంతా బొండాలు కొట్టుకు తాగుతుంది. అందరికీ అది ప్రాణాధారం. కిడ్నీ పనిచేయని మనిషికి ప్రాణాంతకం. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతుడి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. డయాలసిస్ తప్పిన మనిషి రక్తంలో అది పేరుకుని ఉన్నట్టుండి గుండె కొట్టుకోవడమే ఆపేయగలదు. ఇది తెలియక, దాహానికి తాళలేక, ప్రేమతో కొట్టిచ్చిన బొండాన్ని కాదనలేక తాగే వాళ్లుంటారు. కొబ్బరిచెట్టును కన్నకొడుకులా చూసుకునే మా ఉద్దానంలో ఆ మాట నోటితో చెప్పడమే కష్టం. తుపాను మైకులో ఆ ఒక్క వాక్యం చేర్చండి: కిడ్నీ జబ్బున్న వాళ్లు కొబ్బరి నీళ్లు తాగవద్దు. ఖర్చు లేని కోరిక గనక దీన్నే ముందు పెడుతున్నాం.

మేం ఊరికే కూచుని అడుగుతున్నామని అనుకోకుండా, మా ఇళ్లలో చేసుకుంటున్నవి కూడా చెబుతాం. సెప్టెంబరులోనే డాక్టరు చీటీ ప్రకారం పదిహేను రోజుల మందులు తెచ్చి, చీటీ, ఆధార్, చివరి రక్తపరీక్ష కాగితాలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి దూలానికి కడతాం. రోగికి రోజుకు ఎన్ని నీళ్లో అన్నే కొలిచి ఒక సీసాలో పోసి ఉంచుతాం. చీకట్లో ఎవరు ఎన్నిసార్లు ఇచ్చారో తెలియని గందరగోళం ఉండదు. ఇన్సులిన్ వాడేవాళ్లు కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంతలో సీసా పెట్టి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచుతున్నారు. ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంటే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, ఆ తర్వాత కుండే దిక్కు. రేషన్ కిరోసిన్ ఆగిపోయి ఏళ్లయింది గనక లాంతర్లు అటకెక్కాయి. వాటి బదులు చార్జింగు దీపాలు కొనుక్కున్నాం. కలిగిన వాళ్లు ఇన్వర్టర్లు పెట్టించుకున్నారు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కటి రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు నడిపితే ఆరేడు గంటలు వస్తుంది. ఒక్క బల్బు, అదీ రాత్రి పూట మాత్రమే అనుకుంటే వారం దాకా లాగవచ్చు. అలా లాగాలా, ఫ్యాను వేసుకోవచ్చా అనేది కరెంటు ఎన్ని రోజులు రాదో తెలిస్తేనే తేలుతుంది. ఆ సంగతి దగ్గరే మా తయారీ అంతా ఆగిపోతోంది. దాని గురించి కింద మళ్లీ చెబుతాం.

ఇప్పుడు మా అసలు కోరిక. తుపాను రాకముందే మా వాళ్లకు డయాలసిస్ చేయించండి. వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి సూచన ఇస్తుంది. 48 గంటల ముందు అప్రమత్తం చేస్తుంది. 24 గంటల ముందు గట్టి హెచ్చరిక ఇస్తుంది. మత్స్యకారులను ఒడ్డుకు పిలవడానికి, పడవలు కట్టించడానికి ఈ గంటలన్నీ వాడుతున్నారు. డయాలసిస్ కేంద్రాలు మాత్రం ఆ మూడు రోజులూ ఎప్పటి వంతుల ప్రకారమే నడుస్తాయి. 48 గంటల కబురు అందిన క్షణం నుంచి ప్రతి కేంద్రం రాత్రి షిఫ్టు కూడా నడపాలి. పది యంత్రాలున్న చోట ఒక రాత్రి షిఫ్టు అదనంగా నడిస్తే పది మంది గట్టెక్కుతారు, రెండు రాత్రులు నడిస్తే ఇరవై మంది. తిత్లీ గురువారం పొద్దున వచ్చింది. బుధవారం సాయంత్రం మా ఆయనను ఆ బల్ల మీద పడుకోబెట్టి ఉంటే ఆదివారం దాకా ఆ కాళ్లు అలా ఉబ్బేవి కావు. అందరికీ పూర్తి నాలుగు గంటలు కుదరకపోతే ఎవరికి ఎంతసేపు చాలునో డాక్టర్లు నిర్ణయిస్తారు, మేం వాదించం. వంతు ముందుకు జరిగిందని ఎవరో ఒకరు ఇంటికి కబురు చెప్పాలి, బండి పంపాలి. దూరపు ఊళ్ల వాళ్లను, ఒంటరి ముసలివాళ్లను ముందే తెచ్చి కేంద్రం ఉన్న ఊళ్లోని తుపాను షెల్టరులోనో, హాస్టల్లోనో ఉంచితే ఇంకా మంచిది. తుపాను వెళ్లాక మంచం మీద మోసుకెళ్లడం కన్నా ముందురోజు ఆటోలో పంపడం తేలిక.

ఇక ఆ కేంద్రాల సంగతి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మా గ్రామాలకు మంచినీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. మా పిల్లలకు ఈ జబ్బు రాకుండా ఉండటానికి ఆ నీళ్లు దోహదం చేస్తాయన్న ఆశతో బతుకుతున్నాం, దానికి కృతజ్ఞులం. అయితే డయాలసిస్‌కు ఎన్ని నీళ్లు కావాలో బయటివాళ్లకు అంతగా తెలియదు. యంత్రం గుండా నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటల్లో 120 లీటర్ల శుద్ధమైన నీరు పోతుంది. అది ఒక్క మనిషికి ఒక్కసారికి. ఆర్‌ఓలో వడకట్టేటప్పుడు పోయేది దీనికి అదనం. జనరేటరు ఉన్నా నీళ్లు లేకపోతే యంత్రం బొమ్మే. కాబట్టి జిల్లాలో ప్రతి డయాలసిస్ కేంద్రంలో ఆరు రోజులకు సరిపడా డీజిలు, రెండు రోజులకు సరిపడా నీళ్లు సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు 15 దాకా నిల్వ ఉండాలి. మూడో రోజు నుంచి ఏ ట్యాంకరు వస్తుందో, డ్రైవరు ఎవరో ముందే రాసి గోడకు అతికించాలి. జనరేటరును నెలకోసారి, కేవలం స్టార్టు చేసి ఆపేయడం కాకుండా, యంత్రాలన్నీ తగిలించి నాలుగు గంటలు నడిపి చూడాలి. ఆ పరీక్ష జరిగే రోజు రోగుల బంధువులు ఇద్దరిని పిలవాలి. ఎవరి మీదో నమ్మకం లేక కాదు. ఆ చప్పుడు మా చెవులతో వింటే అక్టోబరు రాత్రుల్లో మాకు కాస్త నిద్ర పడుతుంది.

మా పేర్ల జాబితా కోసం కొత్త సర్వే ఏదీ పెట్టనక్కరలేదు. డయాలసిస్ చేయించుకునే వారికి ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. ఒకటో తేదీన గ్రామ సచివాలయం ఉద్యోగి మా ఇంటి అరుగు మీద కూచుని చేతికిచ్చి వెళ్తారు. మా ఇల్లు ఏ వీధిలో ఉందో, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా వారికి తెలుసు. పింఛను ఇచ్చే దారినే సాయమూ రావచ్చు. ఆ జాబితా కాపీ ఒకటి సబ్‌స్టేషనుకు, ఒకటి ఆసుపత్రికి, ఒకటి తహసీల్దారు కార్యాలయానికి, ఒకటి ఆశా కార్యకర్తకు ముందుగానే చేర్చండి. తుపాను వెళ్లిన మర్నాడే ఆశా కార్యకర్తో, సచివాలయం ఉద్యోగో ఆ జాబితా పట్టుకుని ప్రతి గడపా తొక్కాలి. చివరి డయాలసిస్ ఎప్పుడయింది, కాళ్లు ఉబ్బాయా, ఆయాసం ఉందా అనే మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవారిని, ఇంట్లోనే పొట్ట ద్వారా డయాలసిస్ సంచులు మార్చుకునేవారిని కూడా ఆ జాబితాలో చేర్చాలి. సంచుల పద్ధతికి కరెంటు అక్కర్లేదు, కానీ సంచులు అయిపోతే చేయగలిగింది లేదు. వారికి అక్టోబరు ఒకటికే నెల రోజుల నిల్వ ఇవ్వాలి.

కరెంటు ఏ వరసలో వస్తుందో మేమూ తెలుసుకున్నాం. ముందు 33 కేవీ లైను నిలబడాలి, తర్వాత సబ్‌స్టేషను, తర్వాత 11 కేవీ ఫీడరు, ట్రాన్స్‌ఫార్మరు, చివరికి మా వీధి తీగ. తిత్లీకి వేల స్తంభాలు నేలకూలాయి. పక్క జిల్లాల నుంచి వచ్చిన లైనుమెన్లు పగలూ రాత్రీ స్తంభాలు ఎత్తారు. వాళ్లు మా ఇళ్ల ముందు నిలబడి తింటుంటే అన్నం వడ్డించిన వాళ్లం, వాళ్ల కష్టం మాకు తెలుసు. మా ఇంటికి ముందు కరెంటు ఇమ్మని అడగడం లేదు. మా ఇంట్లో ఫ్యాను ఆఖరున తిరిగినా ఫర్వాలేదు. డయాలసిస్ కేంద్రానికి వెళ్లే ఫీడరు, మంచినీటి పంపుల ఫీడరు, సెల్ టవర్ల ఫీడరు ఏవో ముందే గుర్తించి, ఆ వరసను సచివాలయం గోడ మీద రాయించండి. ఆ వరస మధ్యలో ఎవరి సిఫారసుతోనూ మారకూడదు. గోడ మీద రాసి ఉంటే పదిమంది కళ్లు పడతాయి గనకే రాయించమంటున్నాం.

ఎన్ని రోజులో చెప్పండి అన్న కోరికకు వస్తున్నాం. కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, అనుకోకుండా సరఫరా ఆగిపోతే ఆ సంగతి ఎస్ఎంఎస్ ద్వారానో మరో ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో వెంటనే తెలియజేయాలి, ఎప్పటికి వస్తుందో అంచనా కూడా చెప్పాలి. తుపాను లాంటి విపత్తులో గడువులు తప్పవచ్చని మాకు తెలుసు. గడువు దాటితే పరిహారం ఇమ్మని కూడా అడగం. అంచనా మాత్రం కావాలి. రెండు రోజులే అంటే నీళ్లు కొలిచి, తిండి తగ్గించి ఇంట్లోనే ఉంటాం. ఆరు రోజులు అంటే అప్పటికప్పుడే మనిషిని తీసుకుని బరంపురమో, విశాఖో, చుట్టాలున్న చోటికి, యంత్రం తిరుగుతున్న చోటికి బయల్దేరతాం. తిత్లీ అప్పుడు ఎవరిని అడిగినా రేపో ఎల్లుండో అన్నారు. ధైర్యం చెప్పాలనే అన్నారు, చెడు తలపెట్టి కాదు. ఆ రేపో ఎల్లుండో అన్న మాటను నమ్మే మూడు రోజులు పోగొట్టుకున్నాం. పన్నెండు రోజులు పడుతుందంటే పన్నెండు రోజులనే చెప్పండి, తట్టుకుంటాం. ఫోన్లు పనిచేయవు కాబట్టి రోజుకు రెండుసార్లు, పొద్దున్న ఏడింటికి, సాయంత్రం నాలుగింటికి, సచివాలయం దగ్గర నల్లబల్ల మీద సుద్దముక్కతో రాయించండి. ఏ ఫీడరు ఎప్పటికి, ఏ రోడ్డు తెరిచారు, ఏ డయాలసిస్ కేంద్రం నడుస్తోంది. మూడు వరసలు చాలు. ఆ సచివాలయంలోనే జనరేటరు పెట్టి ఫోన్లు, చార్జింగు దీపాలు, నెబ్యులైజర్లు చార్జింగు పెట్టుకోనివ్వాలి.

తీగల గురించీ చెట్ల గురించీ మా రైతుల మాట ఒకటి వినండి. వర్షాకాలానికి ముందు లైను కింద కొమ్మలు కొట్టే పని ప్రతి ఏడూ జరుగుతుంది. వేపకో రావికో అది సరిపోతుంది. కొబ్బరికి కొమ్మలుండవు. ఉన్నది ఒక్క మొవ్వు. అది తీస్తే చెట్టే చస్తుంది, మళ్లీ మొక్క నాటి కాయ చూడాలంటే అయిదారేళ్లు. కాబట్టి కొబ్బరి తోటల మధ్య నుంచి పోయే లైన్లకు కొమ్మలు కొట్టే మందు పనిచేయదు. అలాంటి చోట తొడుగున్న కేబుల్ వేయాలి, లేదా లైనును తోటలోంచి తీసి రోడ్డు పక్కకు మార్చాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచబ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్లు వేశారు. ఉద్దానం అంతా అలా తవ్వమని అడగడం లేదు. డయాలసిస్ కేంద్రాలకు, పంపులకు వెళ్లే ఆ కొద్దిపాటి లైన్లకైనా ఆ పని చేయించండి. ఇసుక నేలలో స్తంభం గొయ్యి లోతుగా తీసి కాంక్రీటు పోయాలి. ఒట్టి ఇసుక కప్పి వెళ్తే గాలి అక్కర్లేదు, వానకే వాలుతుంది.

నీళ్ల విషయంలో కోరిక చిన్నదే. కుళాయిలు వచ్చాక ఊళ్లో చేతిపంపులను పట్టించుకునే వాళ్లు లేరు. కొన్నిటికి పిడి లేదు, కొన్నిటి గొట్టంలోకి మోటారు దింపేశారు. కిడ్నీ జబ్బు భయంతో ఆ నీళ్లు తాగడానికి మాకు జంకే, కాదనం. కానీ స్నానానికి, అంట్లకు, పశువులకు అవి ఉంటే నిల్వ చేసుకున్న మంచినీళ్లు తాగడానికి మిగులుతాయి. వీధికి ఒక్క చేతిపంపు బాగు చేయించండి. ఓవర్‌హెడ్ ట్యాంకులను తుపానుకు ముందురోజు నిండా నింపించి, నీళ్లు వదిలే వేళ చెప్పండి.

సోలారు పలకల గురించి హెచ్చరించవలసింది ఉంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల దాకా 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుందని మా ఊళ్లలోనూ చాలామంది పెట్టించుకుంటున్నారు. ఇక కరెంటు పోయినా దిగుల్లేదని అమ్మే వాళ్లు చెబుతున్నారు. అది నిజం కాదు. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలారు, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా ఉండటానికే అలా చేస్తారు. ఎండ కాస్తూనే ఉంటుంది, ఇంట్లో ఫ్యాను తిరగదు. డబ్బు పెట్టాక తెలిస్తే గుండె పగులుతుంది. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టరు ఉంటేనే తుపానులో పనికొస్తుందని దరఖాస్తు దగ్గరే చెప్పించండి. డయాలసిస్ రోగులున్న ఇళ్లకు, కనీసం ఒక బల్బు, ఒక ఫ్యాను, ఫోను చార్జింగు నడిపే చిన్న బ్యాటరీ పెట్టెకైనా సాయం ఇప్పించండి.

జనరేటర్లదీ అలాంటి భయమే. తుపాను తర్వాత టెంటు హౌసుల జనరేటర్లు ఇల్లిల్లూ తిరుగుతాయి. మెయిను ఆపకుండా, చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు తగిలిస్తే ఆ కరెంటు వెనక్కి పోయి, ట్రాన్స్‌ఫార్మరు దాటి, స్తంభం మీదున్న లైనుమన్ ప్రాణం తీస్తుంది. గాలి ఆడని గదిలో నడిపితే వాసన లేని విషవాయువు నిద్రలోనే ఇంటిల్లిపాదినీ తీసుకుపోతుంది. ప్రతి ఊళ్లో ఉన్న ఎలక్ట్రీషియన్లను సెప్టెంబరులో ఒక పూట పిలిచి ఈ రెండు సంగతులూ నేర్పించండి. చేంజోవర్ స్విచ్ లేని ఇంటికి జనరేటరు అద్దెకివ్వరాదని టెంటు హౌసుల వాళ్లకు గట్టిగా చెప్పండి.

సాయం సరుకుల గురించి రాయకపోతే మా ఆడవాళ్లు ఒప్పుకోరు. తుపాను బాధితులకు ప్రభుత్వం ఇచ్చే సరుకుల్లో బియ్యంతో పాటు కందిపప్పు, బంగాళాదుంపలు ఉంటాయి. దాతలు అరటిపళ్లు, పులిహోర పొట్లాలు, ఆవకాయ తెస్తారు. మంచి మనసుతో ఇస్తారు. పప్పు, దుంప, అరటిపండు, ఉప్పు ఇవన్నీ డయాలసిస్ తప్పిన మనిషికి వద్దన్నవే. ఆకలితో ఉన్న మనిషి ముందు ఆ పొట్లం పెట్టి తినొద్దని చెప్పడం ఎంత కష్టమో పెట్టిన వాళ్లకే తెలుసు. జాబితాలో ఉన్న ఇళ్లకు విడిగా బియ్యపు రవ్వ, అటుకులు, పంచదార, నూనె, సొరకాయ ఇప్పించండి. దుంపలే ఇవ్వక తప్పకపోతే తొక్క తీసి, ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలని, డాక్టరు ఎంత అంటే అంతే పెట్టాలని ఒక చీటీ జతచేయండి.

ఈ పనులకు ఎంతవుతుందో మేం లెక్కగట్టలేం. ఇందులో సగం పనులకు డబ్బు అక్కర్లేదని మాత్రం చెప్పగలం. జాబితా ఉంది, హెచ్చరిక ముందే వస్తుంది, యంత్రాలున్నాయి. ఒకరికొకరు కబురు పంపుకోవడమే లేదు.

సెప్టెంబరు నెలాఖరులోగా పలాస రెవెన్యూ డివిజన్ కార్యాలయంలో ఒక సమావేశం పెట్టించండి. విద్యుత్ శాఖ, వైద్యశాఖ, గ్రామీణ నీటి సరఫరా, డయాలసిస్ కేంద్రాల బాధ్యులు, మా తరఫున మండలానికి ఇద్దరు, అందరూ ఒక్క గదిలో కూచోవాలి. మా వాళ్లకు సోమ, గురువారాల్లో కొందరికి, మంగళ, శుక్రవారాల్లో కొందరికి డయాలసిస్ ఉంటుంది గనక ఆ సమావేశం బుధవారం గానీ శనివారం గానీ పెడితే రోగులు కూడా వచ్చి తమ మాట తామే చెప్పుకోగలరు. మెట్లు లేని గది అయితే మంచిది.

జతపరచినవి: సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితాలు, ఊరి వారీగా, వారంలో ఏ రోజు ఎవరికి డయాలసిస్ పడుతుందో మేమే రాసుకున్న పట్టిక.

ఇట్లు,
తమ విధేయులు,
ఉద్దానం గ్రామాల డయాలసిస్ రోగులు, వారి కుటుంబ సభ్యులు